సహోదరుల మధ్య భేదములు, సహనము: సంఘైక్య చరిత్ర నేర్పిన పాఠము



శతవార్షిక సంచిక అనగానే మన పితరులు కట్టిన దేవాలయాలు, పాఠశాలలు, వైద్యశాలలు, వాటికోసము వారు పడిన ప్రయాసలు మొదట జ్ఞాపకమునకు వస్తాయి. అవి స్మరించుకొనదగినవే. వాటిని గురించి ఈ సంచికలో నాకంటె పెద్దలు, అనుభవజ్ఞులు వ్రాస్తున్నారు. నేను మాత్రము మన పితరులు కట్టిన మరొకదానిని గురించి వ్రాయదలచాను. దానికి శిలాఫలకము లేదు. ఒకరితో ఒకరు ఏకీభవించలేనప్పుడు కూడ ఒకే ఇంటివారుగా ఉండగలిగే అలవాటు అది. ఆ అలవాటు లేకపోతే దక్షిణ ఇండియా సంఘము పుట్టి ఉండేది కాదు.

సహనమంటే నోరు మూసుకొని ఊరకుండడమని కొందరు అనుకొంటారు. తప్పును చూచీ చూడనట్లు పోనివ్వడమని మరికొందరు అనుకొంటారు. నా మనవి, ఈ రెండూ సహనము కావు. ఏదైనా సరేననేవానికి సహనముతో పనే లేదు. తాను నమ్మినదానిని గట్టిగా పట్టుకొన్నవాడు, అంతే గట్టిగా వేరొకదానిని పట్టుకొన్న సహోదరునితో ఒకే బల్ల దగ్గర కూర్చోవలసి వచ్చినప్పుడే సహనము కావలసి వస్తుంది.

అపొస్తలుల దినములలో

అపొస్తలుల కార్యములు 15వ అధ్యాయము ఈ విషయములో మనకు మొదటి పాఠము. అన్యజనులలోనుండి విశ్వసించినవారు సున్నతి పొందవలెనా, అక్కరలేదా అనే ప్రశ్నపై యెరూషలేములో అపొస్తలులు, పెద్దలు కూడుకొన్నారు. అక్కడ చాల వాదము జరిగిన సంగతిని లూకా దాచలేదు. పేతురు మాట్లాడాడు, పౌలు బర్నబాలు తమ సాక్ష్యము చెప్పారు, యాకోబు అందరి మాటా విని తీర్పు చెప్పాడు. ఆ తీర్పు సారమేమంటే, తప్పనిసరియైన కొద్ది విషయాలు మినహా క్రొత్తగా వచ్చిన సహోదరులపై మరే బరువూ మోపకూడదని.

అయితే అదే అధ్యాయము చివర ఇంకొక తగవు ఉన్నది. మార్కును వెంట తీసికొని వెళ్లవలెనా వద్దా అన్న విషయములో పౌలు బర్నబాలు ఒప్పుకొనలేక వేరుపడ్డారు. అంత పెద్ద ప్రశ్నను కలిసి తీర్చుకొన్న మనుష్యులే ఒక మనిషి విషయములో విడిపోయారు. ఏండ్లు గడచిన తరువాత తిమోతికి వ్రాసిన రెండవ పత్రికలో, మార్కును వెంటబెట్టుకొని రమ్మని, తన పనికి అతడు ఉపయోగపడతాడని పౌలు వ్రాస్తున్నాడు. మాట్లాడుకొని తీర్చుకొన్న భేదము ఒకటి, తీరక విడదీసి కాలము గడచిన తరువాత మాత్రమే మానిన భేదము ఇంకొకటి. మన సంఘ చరిత్రలో ఈ రెండూ ఉన్నాయి.

మనము తెచ్చుకొనని భేదములు

మన తెలుగు దేశములోనికి సువార్త అనేక ద్వారముల గుండా వచ్చింది. 1805లో లండన్ మిషను వారు విశాఖపట్టణములో పని ఆరంభించారు. 1822లో కడపలో ఆరంభించారు. 1841లో చర్చి మిషనరీ సొసైటీ తరఫున రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ గార్లు మచిలీపట్టణము వచ్చారు. ఎస్.పి.జి. మిషను కడప, కర్నూలు జిల్లాలలో, నంద్యాల ప్రాంతములో పనిచేసింది. వెస్లియన్ మెథడిస్టులు నైజాము రాష్ట్రములో సికింద్రాబాదు మొదలుకొని మెదకు వరకు సంఘములను స్థాపించారు. ఒకరు పనిచేసే పొలములో మరొకరు అడుగుపెట్టకుండ చాల మిషనులు ప్రాంతాలను పంచుకొన్నాయి.

దాని ఫలితము ఏమైందో చూడండి. మనిషి ఏ శాఖకు చెందినవాడన్నది అతని విశ్వాసమును బట్టి గాక అతని ఊరును బట్టి నిర్ణయమైంది. కృష్ణా డెల్టాలో బాప్తిస్మము పొందినవాడు ఆంగ్లికను అయ్యాడు, మెదకులో పొందినవాడు మెథడిస్టు అయ్యాడు, లండన్ మిషను పల్లెలో పొందినవాడు కాంగ్రిగేషనలు అయ్యాడు. బిషప్పులు ఉండవలెనా, పెద్దల సభ చాలునా అన్న తగవులు ఇంగ్లండు, స్కాట్లండు దేశాలలో 16, 17 శతాబ్దాలనాటివి. మన తాతలు ఆ తగవులలో లేరు. అయినా ఉద్యోగము కోసమో కూలి కోసమో ఒక జిల్లానుండి మరొక జిల్లాకు వెళ్లిన విశ్వాసి, అక్కడి ప్రభు బల్లను సమీపించడానికి ఆ తగవులే అడ్డమయ్యాయి.

ఈ బాధను గట్టిగా అనుభవించినవారిలో వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారు ఒకరు. తిరునెల్వేలి ప్రాంతములో పుట్టిన ఆయన 1909లో సువార్తికుడుగా దోర్నకల్ వచ్చారు. 1910లో స్కాట్లండులోని ఎడింబరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో మాట్లాడుతూ, మిషనరీల త్యాగములను ఒప్పుకొంటూనే, మాకు దానముతోపాటు స్నేహము కూడ కావాలని కోరారు. దొరలకు, దేశీయ సేవకులకు మధ్య ఉన్న ఎడమును వారి ముఖము మీదనే చెప్పిన ఆ మాట సభలో కొందరికి కష్టము కలిగించింది. అయినా ఆయన కోపముతో లేచిపోలేదు, సభ ఆయనను వెలివేయలేదు. 1912 డిసెంబరు 29న కలకత్తాలోని సెయింట్ పాల్స్ కెథీడ్రలులో ఆయన దోర్నకల్ బిషప్పుగా అభిషేకము పొందారు. ఆంగ్లికను సంఘములో భారతీయుడు బిషప్పు కావడము అదే మొదలు.

తరంగంబాడి నుండి మద్రాసు వరకు

1919 మే 1, 2 తేదీలలో తరంగంబాడిలో 33 మంది సేవకులు కూడుకొన్నారు. వారిలో ఇద్దరు తప్ప అందరూ భారతీయులు. 1706లో జీగెన్‌బాల్గ్, ప్లూట్షో గార్లు దిగిన రేవు అదే. ఈ భేదములు మనము కోరి తెచ్చుకొన్నవి కావని, బయటనుండి మనమీద పడినవని, వీటితో ఈ దేశమునకు సువార్త చెప్పే శక్తి మనకు చాలదని వారు ఒప్పుకొన్నారు. ఆంగ్లికను సంఘము, 1908లో ఏర్పడిన దక్షిణ ఇండియా ఐక్య సంఘము ఏకము కావలెనని పిలుపునిచ్చారు. ఆ ఐక్య సంఘములో కాంగ్రిగేషనలు, ప్రెస్బిటేరియను సంఘములు అప్పటికే కలిసి ఉన్నాయి. 1920లో సంయుక్త కమిటీ పని ప్రారంభించింది. 1925లో వెస్లియన్ మెథడిస్టులు చేరారు.

పిలుపు రెండు దినములలో వచ్చింది. ఐక్యము రావడానికి 28 సంవత్సరాలు పట్టింది. ఇంత ఆలస్యము ఎందుకైంది? తగవు పదవుల కోసమైతే పంచుకొని ముగించేవారు. అది మనస్సాక్షికి సంబంధించినది. అపొస్తలుల కాలమునుండి హస్తనిక్షేపణ ద్వారా వచ్చిన బిషప్పుల వరుస సంఘమునకు దేవుడిచ్చిన కానుక అని ఆంగ్లికనులు నమ్మారు. బిషప్పు వస్తే పెద్దలకు, విశ్వాసులకు ఉన్న స్వాతంత్ర్యము పోతుందని ఐక్య సంఘమువారు భయపడ్డారు. బిషప్పు చేతులు ఉంచని గురువులకు మరల అభిషేకము కావలెనా అన్నది ఇంకొక చిక్కు. అక్కరలేదంటే ఆంగ్లికనుల మనస్సాక్షి నొచ్చుకొంటుంది. కావలెనంటే ముప్పది నలుబది ఏండ్లు ప్రభు బల్ల దగ్గర నిలిచిన సేవకునితో, నీ సేవ ఇంతవరకు చెల్లలేదని చెప్పినట్లవుతుంది. గురువు కాని విశ్వాసి ప్రభుభోజనమును ఇవ్వవచ్చునా అన్న ప్రశ్న కూడ కమిటీని చాల కాలము కదలనివ్వలేదు.

1929లో ఐక్య ప్రణాళిక మొదటిసారి అచ్చయింది. సవరణలతో అది ఏడవ ముద్రణ వరకు వెళ్లింది. ఇంగ్లండులో గొప్ప గొప్పవారు దానిని ఎదిరించారు. ప్రసిద్ధ కవి టి. ఎస్. ఎలియట్ 1943లో దానికి వ్యతిరేకముగా ఒక చిన్న పుస్తకమే ప్రకటించారు. ఒక వైపు అమ్ముడుపోయారన్న నింద, మరొక వైపు అణగద్రొక్కుతున్నారన్న నింద. రెండింటి మధ్య ఆ కమిటీవారు ఏటేటా మరల కూర్చొన్నారు, కలిసి ప్రార్థించారు, వాక్యము చదివారు, మరల వాదించుకొన్నారు.

చివరకు వారికి దొరికిన మార్గము ఈనాటి మన సంఘ సభ్యులలో చాలమందికి తెలియదు. దానిని ప్రతిజ్ఞ అన్నారు. దాని భావమిది: ఐక్యమైన తరువాత ఏ సంఘము మీదను దానికి అలవాటు లేని ఆరాధన క్రమమును బలవంతముగా రుద్దకూడదు. ఏ సంఘము మనస్సాక్షి ఒప్పుకొనని గురువును దానిమీద పెట్టకూడదు. అప్పటికే అభిషేకము పొందిన గురువులందరిని ఉన్నవారిని ఉన్నట్లుగానే చేర్చుకొని, ఇకమీదట జరిగే అభిషేకములు మాత్రము బిషప్పుల ద్వారా జరగాలన్నారు. ఒకరికొకరు అలవాటు పడి ఒకటిగా ఎదగడానికి 30 సంవత్సరాల గడువు పెట్టుకొన్నారు.

గమనించండి. ఎవరూ తాము నమ్మినది అబద్ధమని ఒప్పుకొనలేదు. ఎదుటివాని మనస్సాక్షిని విరిచి నేను గెలువనని మాత్రము ప్రతివారు మాట ఇచ్చారు. మెజారిటీ ఉన్నది గదా అని బలహీనుని నోరు నొక్కకుండ ఆ మాటను నియమావళిలోనే వ్రాసుకొన్నారు.

అజరయ్య గారు ఆ దినమును చూడలేదు. 1945 జనవరి 1న దోర్నకల్‌లో ప్రభువునందు నిద్రించారు. అదే నెలలో ఆంగ్లికను సంఘ జనరల్ కౌన్సిలు ఐక్యమునకు అంగీకరించింది. 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి కెథీడ్రలులో, ట్రావన్‌కోరు కొచ్చిను బిషప్పు సి. కె. జేకబ్ గారి అధ్యక్షతన, దక్షిణ ఇండియా సంఘము ఆవిర్భవించింది. స్వాతంత్ర్యము వచ్చి అప్పటికి 43 దినములు. దేశము మతము పేరిట రెండుగా చీలి ఉత్తరాన రక్తము ప్రవహిస్తున్న దినములవి. ఆ దినములలో దక్షిణాన సుమారు పది లక్షలమంది క్రైస్తవులు, శతాబ్దాల గోడలు దాటి ఒకటయ్యారు.

1950లో క్రొత్త ప్రభుభోజన క్రమము వచ్చింది. ఇప్పుడు మనము ప్రక్కవారి చేతులు తాకి శాంతిని అందించుకొంటున్నామే, ఆ ఆచారము కేరళలోని సిరియను సంఘములనుండి తీసికొన్నది. ఆ క్రమమును కూడ ఎవరిమీదను రుద్దలేదు. వాడి చూడండని ఇచ్చారు. వాడినవారు ఇష్టపడ్డారు.

రాని సహోదరులు

ఇంతవరకే చెప్పి ముగిస్తే చరిత్ర సగమే చెప్పినట్లు. అందరూ రాలేదు.

ఉత్తర తమిళ ప్రాంతపు ఐక్య సంఘ మండలి 1947లో ఆగిపోయి 1950లో చేరింది. మన తెలుగు దేశములోనే, నంద్యాల ప్రాంతపు ఆంగ్లికను సంఘములలో వేలాదిమంది చేరలేదు. 1947కు ముందు వారు దోర్నకల్ అధ్యక్ష మండలములోనివారే. అజరయ్య గారి చేతులమీదుగా నిర్ధారణ పొందినవారు, ఆయన ప్రసంగములు విన్నవారు. అయినా తమ ప్రార్థన పుస్తకము, తమ గురువుల వరుస, తమ పాత సంబంధములు పోతాయన్న భయము వారికి కలిగింది. వారు కలకత్తాలోని మెట్రోపాలిటన్ గారి అధికారము క్రింద పాత సంఘములోనే నిలిచిపోయారు. ఒకే జిల్లాలో, ఒకే భాష మాట్లాడే, వియ్యములందుకొనే క్రైస్తవులు రెండు అధికారముల క్రిందికి వెళ్లారు.

వారిని మొండివారని అనడము సులువు. కాని ప్రతిజ్ఞ చేసినవారికి ఆ మాట తగదు. ఎవరి మనస్సాక్షిని బలవంతము చేయమని చెప్పిన సంఘము, రానివాని మనస్సాక్షిని కూడ గౌరవించవలసినదే. ఇంటిలోనికి వచ్చినవారిని గౌరవించడము కొంత తేలిక, గుమ్మము బయట నిలిచినవారిని గౌరవించడమే కష్టము. ఆ ఏండ్లలో ఇరువైపుల చేదు మాటలు నడవలేదని నేను చెప్పను. అయినా తలుపు మూయలేదు. 1955లో ఇంగ్లండు సంఘపు సభలు మన బిషప్పుల, గురువుల అభిషేకములను గుర్తించాయి. అంతకు ఏడేండ్ల ముందు, 1948లో, లాంబెత్ మహాసభలో బిషప్పులు ఆ విషయమై ఏకాభిప్రాయమునకు రాలేకపోయారు. 1963లో నంద్యాల ప్రత్యేక అధ్యక్ష మండలముగా ఏర్పడింది. 1970లో ఉత్తరాన కూడ సంఘములు ఏకమై ఉత్తర ఇండియా సంఘమైంది. 1975లో నంద్యాల అధ్యక్ష మండలము దక్షిణ ఇండియా సంఘములో చేరింది.

1919 నుండి 1947కు 28 సంవత్సరాలు. 1947 నుండి 1975కు మరల 28 సంవత్సరాలు. కలిసినవారు కలవడానికి ఎంత కాలము పట్టిందో, నిలిచిపోయిన నంద్యాలవారు రావడానికీ అంతే కాలము పట్టింది. మార్కు కోసము పౌలు కబురు పంపిన దినము వంటిది 1975. పౌలు ఆ మధ్యకాలములో మార్కును శత్రువని ప్రకటించి ఉంటే ఆ కబురు వెళ్లేదే కాదు.

ఎక్కడ సహించరాదు

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. సంఘములో జరిగే ప్రతిదానిని సహనము పేరిట ఒప్పుకొనవలసినదేనా? కాదు. గలతీయులకు వ్రాసిన పత్రిక రెండవ అధ్యాయములో పౌలు అంతియొకయలో పేతురును ముఖాముఖిగా ఎదిరించిన సంగతి ఉన్నది. పేతురు అన్యులైన సహోదరులతో భోజనము చేస్తూ, కొందరు రాగానే భయపడి వెనుకకు తగ్గాడు. రోమా 14వ అధ్యాయములో ఎవడు ఏమి తిన్నా తీర్పు తీర్చవద్దన్న పౌలే ఇక్కడ ఊరకుండలేదు. ఏమి తినవలెనన్నది అభిప్రాయ భేదము. ఎవరితో కూర్చొని తినననడము సహోదరుని బల్ల దగ్గరనుండి లేపివేయడమే.

అజరయ్య గారికి ఈ తేడా బాగా తెలుసు. ఆరాధన క్రమములో ఎంత భేదమునైనా ఓర్చుకొన్న ఆయన, సంఘములో కులభేదమును ఒక అభిప్రాయముగా ఎన్నడూ ఒప్పుకొనలేదు. మనము కొన్నిసార్లు దీనిని తలక్రిందులు చేస్తున్నాము. పాటల పుస్తకము విషయములో పోట్లాడుకొంటాము, పెండ్లి సంబంధములలో కులము అడిగితే సహిస్తాము. కానుకల లెక్క చూపమంటే సహనము లేదంటాము, ఎదుటి వర్గమువాడు ప్రార్థన చేస్తే మాత్రము లేచిపోతాము. లెక్క అడగడము అసహనము కాదు, న్యాయము. లెక్క అడిగిన సహోదరుని మరుసటి ఆదివారము పలుకరించకపోవడమే అసహనము.

రెండు రకముల పాత్రలు

ఇది నా తప్పును గురించినది గనుక చెప్పడానికి సందేహించాను, కాని చెప్పడమే మంచిది. నేను పూర్వము సేవచేసిన ఒక పాస్టరేటులో, ఉద్యోగరీత్యా వేరు వేరు అధ్యక్ష మండలములనుండి వచ్చినవారు ఉండేవారు. కొందరికి ప్రభు బల్ల దగ్గర ఒకే పాత్రనుండి త్రాగడము అలవాటు. మరికొందరికి చిన్న చిన్న గిన్నెలు అలవాటు. ఒకే పాత్ర అంటేనే ఒకే శరీరమని వారు, శుభ్రత కూడ దేవుడు కోరేదే గదా అని వీరు. నేను అప్పుడు క్రొత్తగా కాలేజీ ముగించి వచ్చినవాడను. ఐక్య చరిత్ర పరీక్షలో మంచి మార్కులే వచ్చాయి. అయినా ఈ మాట త్వరగా తెగిపోవాలని కమిటీలో చేతులెత్తించాను. రెండు చేతుల తేడాతో ఒక పక్షము నెగ్గింది. మరుసటి సంస్కారపు ఆదివారము దేవాలయములో సగముమంది బల్ల దగ్గరకు రాలేదు. తమ స్థలములలోనే తలలు వంచుకొని కూర్చొన్నారు. నేను రొట్టె చేతబట్టుకొని ఆ వంచిన తలలను చూచాను. ఐక్యమును గురించి నేను చదివినదంతా ఆనాడే అర్థమైంది.

తరువాతి వారము కమిటీని పిలిచి, తొందరపడినందుకు క్షమాపణ కోరాను. తీర్మానమును ప్రక్కన పెట్టి ఒక నెల ఒక విధముగా, మరొక నెల మరొక విధముగా ఇస్తామని, ఏ విధము సరియైనదో ఎవరూ ప్రసంగించకూడదని అనుకొన్నాము. కొందరు మొదట తమ నెలలోనే వచ్చేవారు. కొన్నాళ్లకు ఒక పెద్దాయన తనది కాని నెలలో బల్ల దగ్గరకు వచ్చి మోకాళ్లూనారు. ఆయన తన అభిప్రాయము మార్చుకొనలేదు, నాతో ఆ మాట స్పష్టముగానే చెప్పారు. తన ప్రక్కవాడు అక్కడ ఉన్నాడు గనుక వచ్చానన్నారు. నేను ఆ ఊరు విడిచే నాటికి ఏ నెల ఏ విధమో అడిగేవారు తగ్గిపోయారు.

ముగింపు

నేడు మన సంఘములలో తగవులు లేకపోలేదు. పాస్టరేటు ఎన్నికలలో ఓడినవారు ఆరాధన మానివేయడము, గెలిచినవారు అదే మేలనుకొనడము, సహోదరుడు సహోదరునిమీద కోర్టుకు వెళ్లడము మనము ఎరుగనివి కావు. కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక ఆరవ అధ్యాయము చదివి సిగ్గుపడవలసిన స్థితి ఇది. మన పితరులు అభిషేకము, ప్రభుభోజనము వంటి గంభీరమైన విషయాలలో ఏకీభవించలేకనే 28 సంవత్సరాలు ఒకే బల్ల చుట్టూ కూర్చోగలిగారు. మనము కమిటీలోని ఒక స్థానము కోసము 28 వారాలు కూడ ఓర్చుకొనలేమా?

ఈ శతవార్షిక సందర్భమున మనము దేవునికి ఇచ్చే కానుకలలో ఇది కూడ ఒకటి కావాలని నా ప్రార్థన. ప్రతి సంఘములోను మనతో మాటలు లేని ఒక సహోదరుడో సహోదరియో ఉంటారు. శాంతిని అందించుకొనే సమయములో సాధారణముగా మన చేతులు వారివైపు వెళ్లవు. వచ్చే సంస్కారపు ఆదివారము ఆ చేతిని తాకుదాము. అభిప్రాయము మార్చుకొని వెళ్లవలసిన పని లేదు. దానిని మనతో ఉంచుకొనే వెళ్దాము, వారిది వారి దగ్గర ఉండనిద్దాము. మనమంతా ఏకమై ఉండాలని తాను అప్పగింపబడిన రాత్రి తండ్రిని వేడుకొన్న ప్రభువు, మిగిలిన పనిని తన కాలములో తానే నెరవేర్చును గాక. ఆమేన్.